కాటా

రామతీర్థం రోడ్డు మలుపులో మా కాటా.
నల్లరాళ్ల లారీలు ఎక్కుతాయి, దిగుతాయి.
ముప్పై నాలుగువేల ఆరువందల పది,
అద్దంలో ఎర్రంకెలు వెలుగుతాయి.
చీటీ చింపి ఇస్తాను.
పదికి లోపు బరువంటే దానికి లెక్కలేదు,
అటో ఇటో దగ్గరి పదికి జరిపేస్తుంది.

తొమ్మిదేళ్లుగా నేనూ అంతే,
చిన్నవాటిని లెక్కపెట్టలేదు.
పరోటా మీద పరోటా,
టీలో మూడో చెంచా,
బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జం.

నసీమా పుట్టినరోజు
ఒంగోలు పెద్దాసుపత్రిలో లిఫ్టు చెడింది.
మూడో అంతస్తు ఎక్కి
గోడ పట్టుకుని గాలి కోసం వెతుక్కుంటున్నాను.
అందివ్వబోయిన బిడ్డను నర్సమ్మ వెనక్కి తీసుకుంది.
"ముందు కూచో నాయనా, తర్వాతిస్తా."
తండ్రినైన మొదటి నిమిషంలోనే
నా చేతులు నమ్మదగ్గవి కావని తేలింది.
చెమట చూసి వాళ్లే వేలు గుచ్చారు.
చక్కెర రెండొందల నలభై.
బిడ్డ రెండు కిలోల ఎనిమిదొందలు.
రెండంకెలూ ఒకే కాయితానికి
ముందొకటి, వెనకొకటి రాసుకొచ్చాను.

గౌసియాకి పథ్యం నడుస్తోంది.
"ఇంట్లో ఇద్దరు బాలింతలు" అని నవ్వి
అత్త నాకూ ఒక పళ్లెం వేరుగా పెట్టింది.
సజ్జరొట్టె, తోటకూర, పలచని మజ్జిగ.
మొదటి వారం
ఆ రొట్టె నమలడమే కసరత్తు.

తెల్లారుజామున పాలకు లేచి,
ఊరంతా వినేలా ఏడ్చి,
బిడ్డ మళ్లీ నిద్రపోతుంది.
నేను పోను. చెప్పులు వెతుక్కుంటాను.
పనికిరాని రాళ్లు పోసిన తిప్పల పక్కనే నడక.
రాత్రి దుమ్ము అణిగిన ఆ ఒక్క గంటే
చీమకుర్తిలో పీల్చదగ్గ గాలి.
కొత్తల్లో కుక్కలు తరిమాయి,
పరుగు వాటి దగ్గరే నేర్చాను.
ఇప్పుడు రెండు నాతో వస్తాయి,
ఒకదానికి కుంటి,
దానికోసం మలుపు దగ్గర ఆగుతాను.
(నాకోసమే ఆగుతానని దానికి తెలుసు.)

వాన పడిన ఒక రాత్రి
దాబాలో నాలుగు పరోటాలు తిన్నాను.
చేతులు రెండుసార్లు కడుక్కున్నా
గౌసియా వాసన పట్టేసింది.
ఏమీ అనలేదు.
బిడ్డను నా ఒళ్లో పెట్టి
అటు తిరిగి పడుకుంది.

నలభై రోజులు నిండిన మర్నాడు
నసీమాను తుండులో చుట్టుకుని
లారీ లేని కాటా ఎక్కాను.
లోపలినుంచి ఖాసిం అంకె అరిచాడు.
"తొంభై!"
బిడ్డను గౌసియాకిచ్చి మళ్లీ ఎక్కాను.
"తొంభై!"
బిడ్డ ఉన్నట్టే తెలియలేదు ఆ ఇనుముకి.

తర్వాత నెలనెలా ఎక్కాను.
"తొంభయ్యే మస్తానన్నా, రాయివి నువ్వు."
లుంగీ ముడి మాత్రం వేరే మాట చెబుతోంది.
ఆసుపత్రికి పోతే చక్కెర నూటడెబ్బై.
డాక్టరు నవ్వలేదు. తిట్టనూ లేదు.

నిన్న పొద్దుగూకే వేళ
ఖాసిం అంకె అరవలేదు.
నేరుగా బయటికే వచ్చాడు.
"ఎనభై అన్నా! ఎనభై!"
అప్పుడే క్యారియరు తెచ్చిన గౌసియా
చంకలోని పిల్లను నాకందించింది.
ఏడు నెలలు, ఏడు కిలోలు,
చొక్కా గుండీ మీద రెండు పిడికిళ్లు.
అంకె వణికింది,
ఆగింది.
తొంభై.

"అయ్యో, మళ్లీ మొదటికే" అన్నాడు ఖాసిం.
ఒక చీటీ ఇవ్వమన్నాను.
పిల్లను ఒక చేత్తో పట్టుకుని
నిలబడే రాశాను, ఆయాసం లేకుండా.
లోడు బండి: తొంభై.
ఖాళీ బండి: ఎనభై.
సరుకు అని ఉన్న గడిలో
ఏం రాయాలా అనుకుంటుంటే
పెన్ను లాక్కుని
నోట్లో పెట్టుకుంది.